మేడ మీద ఎండ: ఇంటి సౌరవిద్యుత్తు చుట్టూ అల్లుకున్న అపోహలు

తెలుగులో ‘ఎండ’ అన్న మాట రెండు వేర్వేరు భౌతిక విషయాలను ఒక్క పేరుతో పిలుస్తుంది. ఒడియాలు పెట్టుకునేవారికి ఎండ అంటే వేడి. చీకటి గదిలోకి పెంకుల సందున పడే ఎండ అంటే వెలుతురు. నీరెండ, మండుటెండ అంటూ తీవ్రతలో తేడాలు చెప్పడానికి భాషలో మాటలున్నాయి గాని, వేడినీ వెలుతురునూ విడదీసి చెప్పవలసిన అవసరం నిత్యజీవితంలో పెద్దగా కలగలేదు, ఎందుకంటే అవి రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి. మేడల మీదికి సౌరఫలకాలు ఎక్కడం మొదలైన తరువాత ఆ అవసరం కలిగింది. ఫలకానికి కావలసింది వెలుతురు మాత్రమే. వేడి దానికి అక్కర్లేకపోవడమే కాదు, హాని కూడా. ఇంటి సౌరవిద్యుత్తు గురించి ప్రచారంలో ఉన్న అపోహలలో చాలావాటిని తరచి చూస్తే, ఇలా రెండు సంగతులు ఒకే మాటలో ఇమిడిపోయిన చోటే అవి పుట్టాయని తెలుస్తుంది. ఎండ ఒక్కటే కాదు, ఇన్వర్టర్, కిలోవాట్, ఉచితం అన్న మాటలూ ఆ కోవలోనివే.

వెలుతురు పడితే కొన్ని పదార్థాలలో విద్యుత్తు పుడుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకరెల్ 1839లోనే గమనించినా, ఇంటి పనికి వచ్చే పరికరంగా అది మారడానికి శతాబ్దానికి పైగా పట్టింది. అమెరికాలోని బెల్ ప్రయోగశాల 1954లో ప్రదర్శించిన సిలికాన్ సౌరఘటం తన మీద పడిన కాంతిశక్తిలో సుమారు 6 శాతాన్ని విద్యుత్తుగా మార్చగలిగింది. సిలికాన్ అర్ధవాహకం, అంటే లోహంలా విద్యుత్తును ధారాళంగా పోనివ్వదు, పింగాణీలా పూర్తిగా ఆపనూ ఆపదు. అందులోని ఎలక్ట్రాన్లు పరమాణువుల మధ్య బంధాలకు కట్టుబడి ఉంటాయి. కాంతి రేణువు అయిన ఫోటాన్ తగినంత శక్తితో వచ్చి తగిలితే ఒక ఎలక్ట్రాన్ ఆ కట్టు తెంచుకుని కదలగలుగుతుంది. ఘటంలో రెండు పొరలు కలిసే సంధి దగ్గర అంతర్గతంగా ఉండే విద్యుత్ క్షేత్రం దానిని ఒకే దిశకు నెడుతుంది. ఆ కదలికే విద్యుత్ ప్రవాహం. ఇందులో ఆవిరి లేదు, కాగడం లేదు, తిరిగే చక్రం లేదు. ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి చాలినంత శక్తి లేని దూరపు పరారుణ కిరణాలు, అంటే చర్మానికి వేడిగా తోచే వాటిలో పెద్ద భాగం, విద్యుత్తుకు ఏమాత్రం తోడ్పడక ఫలకాన్ని వేడెక్కించి ఊరుకుంటాయి.

ఫలకం వేడెక్కితే ఏమవుతుందన్నది తయారీదారులు దాని వెంట ఇచ్చే పత్రంలోనే ఉంటుంది, కాని కొనేవారు చదివేది అందులోని పెద్ద అంకెను మాత్రమే. 550 వాట్ల ఫలకం అంటే చదరపు మీటరుకు 1000 వాట్ల కాంతి పడుతూ, ఘటం ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు 550 వాట్లు ఇస్తుందని అర్థం. ఆ 25 డిగ్రీలు గాలి ఉష్ణోగ్రత కాదు, ఘటం ఉష్ణోగ్రత. తెలుగునాట ఏ మధ్యాహ్నమూ అది సాధ్యం కాదు. గాలి 40 డిగ్రీలున్న రోజున మేడ మీది ఘటం సులువుగా 65 డిగ్రీలకు చేరుతుంది. సిలికాన్ ఫలకాల సామర్థ్యం 25 దాటిన ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది, మధ్యస్థంగా 0.35 అనుకుంటే, 40 డిగ్రీల పెరుగుదలకు 14 శాతం తరుగు. అంటే 550 వాట్ల ఫలకం ఆ మిట్టమధ్యాహ్నం 473 వాట్ల దగ్గర ఆగిపోతుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట నిజమే కావచ్చు గాని, ఆ రోజుల్లో సౌరవిద్యుత్తు పొంగిపొర్లుతుందన్న ఊహ నిజం కాదు. వేసవిలో మొత్తం ఉత్పత్తి బాగానే ఉంటుంది, అయితే దానికి కారణం పగలు దీర్ఘంగా, ఆకాశం నిర్మలంగా ఉండడమే తప్ప సెగ కాదు. ఒక్క గంట ఉత్పత్తిని మాత్రమే చూస్తే, వాన కడిగి వెళ్లిన తరువాత మబ్బులు విడి చల్లగాలి వీచే వేళ, వడగాడ్పుల మధ్యాహ్నాన్ని మించిపోవడం అరుదేమీ కాదు.

ఫలకాలను మేడకు అతికించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో బిగించడానికి ఇదే కారణం. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద తేలేలా ఏర్పాటు చేసి, 2022 జులై నాటికి పూర్తిగా పనిలోకి తెచ్చిన 100 మెగావాట్ల కేంద్రానికి నేల కలిసిరావడంతో పాటు, నీటి చల్లదనం వల్ల ఫలకాల వేడి కొంత తగ్గడం కూడా లాభమే. ఇక ఫలకాలు పెట్టాక పై అంతస్తు మరింత ఉడికిపోతుందన్న భయం ఉంది. స్లాబు మీద నేరుగా పడవలసిన ఎండ ఫలకం మీద పడి ఆగుతుంది కనుక జరిగేది అందుకు విరుద్ధం. శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక భవనంలో కొలిచి 2011లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఫలకాల కింద ఉన్న పైకప్పు పగటిపూట పక్క భాగం కంటే దాదాపు 3 డిగ్రీల సెల్సియస్ చల్లగా ఉంది. వేడితో నిజంగా పనిచేసే సౌర పరికరం మరొకటి ఉంది. అది నల్లపూత పూసిన గాజు గొట్టాలతో స్నానానికి నీళ్లు కాచే సోలార్ గీజర్. దానికీ విద్యుత్తుకూ సంబంధం లేదు. రెండింటికీ ‘సోలార్’ అన్న పేరే స్థిరపడడం వల్ల, ఒకదాని లక్షణాలను రెండోదానికి అంటగట్టడం మామూలైపోయింది.

వేడి అక్కర్లేదని తెలిశాక మబ్బు సంగతి తేలికగానే విడిపోతుంది. సూర్యకాంతి నేరుగా వచ్చేది కొంత, గాలిలోని అణువుల మీదా మేఘాల మీదా చెదిరి ఆకాశమంతటి నుంచీ వచ్చేది కొంత. మబ్బు కమ్మినప్పుడు మొదటిది ఆగిపోతుంది, రెండోది మిగులుతుంది. అందువల్ల ఉత్పత్తి పడిపోతుందే గాని సున్నా కాదు. మబ్బు దట్టాన్ని బట్టి అది సాధారణ స్థాయిలో పదో వంతు నుంచి పావు వంతు దాకా ఉండవచ్చు, పలచని మబ్బైతే ఇంకా ఎక్కువే. ముసురు పట్టిన శ్రావణమాసపు వారాన్ని చూసి పథకమే దండగ అనుకోవడం, ఫాల్గుణంలో వచ్చిన అంకెను పన్నెండుతో హెచ్చవేసి మురిసిపోవడం, రెండూ ఒకే పొరపాటుకు రెండు కొసలు. వెన్నెలతో కూడా విద్యుత్తు వస్తుందా అన్న సరదా ప్రశ్నకు, వస్తుందనే చెప్పాలి. అయితే పున్నమి వెన్నెల సూర్యకాంతి కంటే దాదాపు నాలుగు లక్షల రెట్లు బలహీనం కనుక, 550 వాట్ల ఫలకానికి దక్కేది వాటులో వెయ్యో వంతు ఒకటో రెండో. దానితో ఇన్వర్టర్ మేలుకోను కూడా మేలుకోదు.

ఫలకాలు దక్షిణముఖంగానే ఉండాలి, లేకపోతే పెట్టడమే వృథా అన్న నియమం కూడా పరాయి నేల నుంచి వచ్చి ఇక్కడ అవసరానికి మించి బిగుసుకుపోయింది. ఉత్తరార్ధగోళంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడన్నది జర్మనీకి ఏడాది పొడవునా నిజం. 17 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న హైదరాబాదులో మాత్రం మే నెల రెండో వారంలో ఒకసారి, ఆగస్టు తొలి వారంలో మరొకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిటారుగా నిలిపిన కర్రకు నీడే లేకుండా చేస్తాడు. ఆ రెండు తేదీల నడుమ దాదాపు మూడు నెలల పాటు మధ్యాహ్న సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. కాబట్టి ఈ ప్రాంతంలో ఏడాది మొత్తం మీద దక్షిణమే మేలైనప్పటికీ, వాలు పది డిగ్రీల లోపు ఉన్నప్పుడు దక్షిణానికీ ఉత్తరానికీ మధ్య తేడా పదో వంతుకు అటూ ఇటూగానే ఉంటుంది. తూర్పు, పడమరలకు చూసే ఫలకాలు ఈ రెండింటి నడుమ ఉంటాయి. ఇల్లు కట్టేటప్పుడు దిక్కుల పట్టింపు ఎలాగూ తప్పదు గాని, ఫలకాల విషయంలో ఆ పట్టింపును కొంత సడలించి, ఆ శ్రద్ధను నీడ మీదికి మళ్లించడం ఎక్కువ లాభసాటి.

నీడను తక్కువగా అంచనా వేయడం ఇంటి సౌరవిద్యుత్తులో అన్నింటికంటే ఖరీదైన పొరపాటు. మేడ మీద నీడే లేదని ఇంటివారు నమ్మకంగా చెప్పే మాట సాధారణంగా వేసవిలో చూసి చెప్పేది. రెండు మీటర్ల ఎత్తున్న నీళ్ల ట్యాంకు నీడ జూన్ మధ్యాహ్నం హైదరాబాదులో జానెడు మించదు, అదీ దక్షిణం వైపు పడుతుంది. అదే ట్యాంకు డిసెంబరు మూడో వారంలో, సూర్యుడు మధ్యాహ్నమైనా 49 డిగ్రీల ఎత్తుకు మించి లేవని రోజుల్లో, ఉత్తరం వైపు మీటరున్నర పైచిలుకు నీడ పరుస్తుంది; ఉదయం తొమ్మిదింటికైతే ఆ నీడ మూడు మీటర్లు దాటి వాయవ్యంగా సాగుతుంది. మే నెలలో కొలతలు తీసుకుని బిగించిన ఫలకాలు కార్తికం వచ్చేసరికి పొద్దుటి పూట మొరాయించడానికి కారణం చాలాసార్లు ఇంతే. మెట్లగది గోడ, పక్కింటివారు కొత్తగా లేపిన అంతస్తు, నాలుగేళ్లలో ఏపుగా ఎదిగే కొబ్బరిచెట్టు కూడా ఈ లెక్కలోకి రావలసినవే.

నీడ ఇంత చేటు చేయడానికి మూలం ఘటాలను కలిపిన తీరులో ఉంది. ఒక్కొక్క సిలికాన్ ఘటం ఇచ్చే వోల్టేజి అర వోల్టుకు కాస్త ఎక్కువ. పనికివచ్చే వోల్టేజి రావాలంటే పదుల సంఖ్యలో ఘటాలను ఒకదాని వెనుక ఒకటిగా కలపాలి, ఫలకాలను కూడా అలాగే వరుసగా కలిపి ‘స్ట్రింగ్’ కట్టాలి. ఒకే పంటకాలువ మీద పది చోట్ల తూములున్నప్పుడు అన్నింటిలోకీ ఇరుకైన తూము నుంచి ఎంత నీరు పారితే కాలువంతటా అంతే పారినట్టు, ఈ వరుసలో ఎండ తక్కువ పడిన ఘటం ఎంత ప్రవాహాన్ని ఇవ్వగలదో మిగిలినవాటి నుంచీ అంతే ప్రవాహం రాగలదు. అంతేకాదు, నీడలోని ఘటం ఉత్పత్తి మానేసి, తోటి ఘటాల శక్తిని తానే మింగి వేడెక్కడం మొదలుపెడుతుంది. దీనిని నివారించడానికి ఫలకం వెనుక డబ్బాలో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి. నీడ పడిన మూడో వంతును పక్కన పెట్టి ప్రవాహానికి దారి మళ్లించడం వాటి పని. దీనివల్ల వరుస మొత్తం ఆగిపోదు గాని, అరచేతి వెడల్పు నీడ కూడా ఫలకంలో మూడో వంతును మూగబోయేలా చేయగలదు. అయిదు శాతం నీడకు అయిదు శాతం నష్టమే అనుకునేవారి కూడిక ఇక్కడే తప్పుతుంది.

తరువాతి మెలిక కిలోవాట్ అన్న మాటలో ఉంది. కిలోవాట్ అనేది వేగం వంటిది, యూనిట్ అంటే కిలోవాట్-గంట అనేది ప్రయాణించిన దూరం వంటిది. మూడు కిలోవాట్ల వ్యవస్థ రోజుకు మూడు యూనిట్లు ఇస్తుందని కొందరు, పగలు పన్నెండు గంటలు కనుక ముప్పయ్యారు యూనిట్లు ఇస్తుందని మరికొందరు అనుకుంటారు. తెలుగు రాష్ట్రాలలో రోజు మొత్తం మీద పడే కాంతిని పూర్తి తీవ్రత గల గంటలుగా కుదిస్తే సుమారు అయిదు, అయిదున్నర గంటలవుతుంది. అందులో వేడి, ధూళి, తీగలు, ఇన్వర్టర్ తినేసే అయిదో వంతును తీసివేస్తే, కిలోవాట్‌కు రోజుకు దాదాపు 4 యూనిట్లు మిగులుతాయి. ఏడాది సగటుగా మూడు కిలోవాట్లకు రోజుకు 12, నెలకు 360 అన్నది నమ్మదగిన అంచనా. దీనికి నీడ పడని జాగా కిలోవాట్‌కు 10 చదరపు మీటర్ల చొప్పున కావాలి.

ఫలకాల సామర్థ్యం ఇరవై రెండు శాతమే అయితే మిగిలిన డెబ్బై ఎనిమిది శాతం వృథాయే కదా అన్న ఆక్షేపణ వినడానికి సబబుగానే ఉంటుంది. ఒకే సంధి గల సౌరఘటం, సూత్రరీత్యా ఎంత లోపరహితంగా తయారైనా, పడిన కాంతిలో సుమారు మూడో వంతుకు మించి విద్యుత్తుగా మార్చలేదని విలియం షాక్లీ, హాన్స్ క్వైసర్ 1961లో లెక్కగట్టారు. బలహీనమైన ఫోటాన్లు ఎలక్ట్రాన్‌ను విడిపించలేకపోవడం, బలమైన ఫోటాన్లలో అవసరానికి మించిన శక్తి వేడిగా మారిపోవడం అందుకు ముఖ్య కారణాలు. ఆ హద్దుతో పోలిస్తే నేటి ఫలకాలు మూడింట రెండు వంతుల దూరం వచ్చేశాయి. పైగా బొగ్గుకు వెల ఉంది కనుక దాని విషయంలో సామర్థ్యం డబ్బు లెక్క అవుతుంది. ఎండకు వెల లేదు కనుక ఇక్కడ అది స్థలం లెక్క మాత్రమే. అదే ఎండను వరిపైరు తన దేహంగా మార్చుకునే సామర్థ్యం ఒకటి రెండు శాతాల దగ్గరే ఉంటుంది, అయినా పొలాన్ని ఎవరూ వృథా అనరు.

మేడ దిగి ఇంట్లోకి వస్తే ఎదురయ్యే మొదటి నిరాశ ‘ఇన్వర్టర్’ అన్న మాట తెచ్చిపెట్టేది. తెలుగు ఇళ్లలో ఇన్వర్టర్ అంటే కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు తిప్పే బ్యాటరీ పెట్టె అన్న అర్థం పాతుకుపోయింది. సౌర వ్యవస్థలోని ఇన్వర్టర్ పని వేరు: ఫలకాల నుంచి వచ్చే ఏకముఖ విద్యుత్తును ఇంట్లోనూ బయటి తీగలలోనూ ఉండే ఏకాంతర విద్యుత్తుగా మార్చడం. ఎక్కువ ఇళ్లలో పెట్టేది గ్రిడ్‌తో ముడిపడిన రకం. అది బయటి సరఫరా వోల్టేజినీ, సెకనుకు 50 సార్లు ఊగే దాని లయనూ చూసుకుంటూ, ఆ తాళానికి అడుగు కలుపుతూ పనిచేస్తుంది. బయటి సరఫరా ఆగిన మరుక్షణం తాళం పోతుంది, ఇన్వర్టర్ ఆగిపోతుంది. అందువల్ల మిట్టమధ్యాహ్నం, మేడ మీద ఎండ కాస్తుండగానే, వీధిలో కరెంటు పోతే సౌరఫలకాలున్న ఇంట్లోనూ కరెంటు పోతుంది. లక్షలు ఖర్చు చేసిన ఇంటివారికి ఇది మోసంలా తోచడం సహజం. కాని ఇది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. సరఫరా ఆపి స్తంభమెక్కిన లైన్‌మన్ చేతిలోని తీగలోకి ఏదో ఒక ఇంటి మేడ నుంచి విద్యుత్తు పారితే అతని ప్రాణం పోతుంది. అలా జరగకుండా రెండు సెకన్ల లోపే ఇన్వర్టర్ విడిపోవాలని ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి.

కరెంటు పోయినా ఇల్లు నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి తోడు బ్యాటరీ కావాలి. ఆ అమరిక సరఫరా ఆగగానే ఇంటిని వీధి తీగల నుంచి పూర్తిగా తెంపి, తన లయను తానే సృష్టించుకుంటుంది. అయితే పాత ఇన్వర్టర్ కింద ఉన్న సీసం-ఆమ్లం బ్యాటరీని దీనికి తగిలిస్తే చాలదా అన్న ఆశ పెద్దగా ఫలించదు. అప్పుడప్పుడూ వచ్చే గంటసేపు కోతకు ఉద్దేశించిన ఆ బ్యాటరీని రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు వేగంగా కరిగిపోతుంది. రోజువారీ వాడకానికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు మెరుగు, ఖరీదూ ఎక్కువే. కోతలు అరుదైన పట్టణాలలో బ్యాటరీ మీద పెట్టే పెట్టుబడి చాలామందికి తిరిగి రాదన్నది నిష్పక్షపాతంగా చూస్తే ఒప్పుకోవలసిన మాట.

బ్యాటరీ లేనప్పుడు పగటి మిగులు ఎటు పోతుంది? గ్రిడ్‌లో దాచుకుని రాత్రి తీసుకుంటాం అన్న వర్ణన వ్యవహారంలో ఉంది గాని, గ్రిడ్ గాదె కాదు. అందులోకి వెళ్లిన విద్యుత్తు ఆ క్షణానే పక్కింటి ఫ్రిజ్‌లోనో ఎదురింటి ఫ్యాన్‌లోనో ఖర్చవుతుంది. దాగేది లెక్క మాత్రమే. ఇంట్లోకి వచ్చిన యూనిట్లను ఒక పద్దులో, బయటికి వెళ్లినవాటిని మరో పద్దులో రాసే రెండు దిశల మీటరు ఆ లెక్కను ఉంచుతుంది, డిస్కం అంటే విద్యుత్ పంపిణీ సంస్థ ఆ రెండింటి తేడాకు బిల్లు వేస్తుంది. దీన్నే నెట్ మీటరింగ్ అంటారు. ఇక్కడ తరచూ తలెత్తే ఫిర్యాదు ఒకటుంది: ఇన్వర్టర్ ఫోన్ యాప్ పన్నెండు యూనిట్లు తయారయ్యాయని చెబుతుంటే మీటరు ఏడే బయటికి వెళ్లాయని చూపిస్తుంది, మిగిలిన అయిదూ ఎవరో కాజేశారని. ఆ అయిదూ ఎక్కడికీ పోలేదు. పగలు ఇంట్లో నడిచిన ఫ్రిజ్, మోటారు, మిక్సీ వాటిని మీటరు దాకా రానీయకుండానే వాడేసుకున్నాయి. నిజానికి ఇంటికి అత్యధిక లాభం తెచ్చిన యూనిట్లు అవే. లెక్క తేల్చే గడువు నాటికి ఇంకా మిగిలిపోయిన యూనిట్లకు డిస్కం ఇచ్చే ధర, ఇంటివారు కొనే ధర కంటే తక్కువగా ఉంటుంది కనుక, అమ్ముకుని సంపాదించవచ్చని అవసరానికి రెట్టింపు ఫలకాలు పెట్టడం తెలివైన పని కాదు.

‘ఉచితం’ అన్న మాట చేసిన గందరగోళం వీటన్నింటినీ మించింది. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం పేరులోనే ‘ముఫ్త్ బిజిలీ’ ఉండడం వల్ల, ప్రభుత్వం ఫలకాలు ఉచితంగా బిగిస్తుందని, లేదా నెలకు 300 యూనిట్లు బిల్లు నుంచి మాఫీ చేస్తుందని చాలామంది భావించారు. పథకం ఇచ్చేది పెట్టుబడిలో రాయితీ: తొలి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000 రూపాయలు, మూడోదానికి 18,000, ఆపైన ఎంత పెట్టినా మొత్తం 78,000 దాటదు. మిగిలిన ఖర్చు ఇంటివారిదే, లేదా వారి పేర తీసుకున్న బ్యాంకు అప్పుదే. మూడు కిలోవాట్లు నెలకు మూడు వందలకు పైగా యూనిట్లు తయారు చేయగలవు కనుక ‘300 యూనిట్లు ఉచితం’ అన్న మాట పుట్టింది. ఒక యూనిట్ కూడా కొననక్కర్లేని నెలలో సైతం స్థిర రుసుములు బిల్లులో కనబడుతూనే ఉంటాయి.

అందరికీ ఒకే లాభం అన్నదీ సరి కాదు, ఎందుకంటే మన విద్యుత్ ధరలు మెట్లుమెట్లుగా ఉంటాయి. రెండు రాష్ట్రాలలోనూ అట్టడుగు శ్లాబులో యూనిట్ రెండు రూపాయల లోపు, పై శ్లాబులలో తొమ్మిది, పది రూపాయల దాకా ఉంటుంది. సౌరవిద్యుత్తు ముందుగా తగ్గించేది పై మెట్టులోని ఖరీదైన యూనిట్లను. ఏసీలు నడుపుతూ నెలకు అయిదు వందల యూనిట్లు వాడే ఇంటికి పెట్టుబడి కొద్ది సంవత్సరాలలోనే తిరిగి వస్తుంది. వంద యూనిట్ల లోపు వాడే ఇంటికి మాత్రం ఫలకం ఆదా చేసే యూనిట్ ముందే చౌక. తెలంగాణలో 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడుతూ సున్నా బిల్లు అందుకుంటున్న అర్హులకు ఫలకాల వల్ల బిల్లులో ఒరిగేది ఏమీ లేదు. సౌరవిద్యుత్తు మంచిదన్న మాటకూ, ఫలానా ఇంటికి లాభమన్న మాటకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని అమ్మకందారులు సాధారణంగా గుర్తు చేయరు.

ఒకసారి బిగిస్తే ఇక చూడనక్కర్లేదన్న నమ్మకం కూడా ధూళి ముందు నిలవదు. గాంధీనగర్ ఐఐటీ, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, కొన్ని వారాలకోసారి కడిగే ఫలకాల ఉత్పత్తి కడిగిన వెంటనే దాదాపు సగం మేర పెరగడం కనిపించింది. వానాకాలంలో ఆ పని ఆకాశమే చేసిపెడుతుంది గాని, సంక్రాంతి నుంచి తొలకరి దాకా చీపురో తుడుపుగుడ్డో పట్టక తప్పదు. కడగడానికి తెల్లవారుజామో సాయంత్రమో తగిన వేళ. కాగిన గాజు మీద మధ్యాహ్నం చన్నీళ్లు పోస్తే అది చిట్లే ప్రమాదముంది. బోరునీటిలోని లవణాలు ఆరిపోయి తెల్లని పొరగా మిగిలిపోతాయి కనుక చివరన మెత్తని గుడ్డతో తుడిచేయడం అవసరం. ఫలకాల మీద నిలబడి కడగడం మాత్రం ఎన్నడూ పనికిరాదు. కాలి బరువుకు గాజు పగలకపోయినా, దాని అడుగున కాగితమంత పలచగా ఉండే సిలికాన్‌లో కంటికి కనిపించని చీలికలు పడతాయి.

ఈ సందర్భంలో కోతుల ప్రస్తావన రాకుండా తెలంగాణ పల్లెల్లో ఏ చర్చా ముగియదు. ఫలకాల గాజు గట్టిపరచిన రకం. 25 మిల్లీమీటర్ల మంచు గుండును గంటకు 80 కిలోమీటర్లకు పైగా వేగంతో కొట్టి పరీక్షించాకే దానికి ధ్రువీకరణ ఇస్తారు. వడగళ్లకు తట్టుకునే ఆ గాజుకు కోతి గంతుల కంటే, అది పీకి వదిలే తీగల వల్లే ముప్పు. వాటిని గొట్టాలలో దాచడం దానికి విరుగుడు. గాలికి ఎగిరిపోతాయన్న భయంలో నిజం ఎక్కువ. భారతీయ ప్రమాణాల ప్రకారం కట్టడాల రూపకల్పనకు తీసుకోవలసిన మౌలిక గాలి వేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విజయవాడకూ విశాఖపట్నానికీ 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును కళ్లారా చూసిన విశాఖవాసులకు ఈ అంకెను వివరించనక్కర్లేదు. తీరప్రాంతంలో ఫలకం నాణ్యత కంటే ఇనుప చట్రం, దాని పునాది, తుప్పు పట్టని పూత గురించి ముందుగా అడగడం వివేకం.

ఫలకం తయారీకి పట్టిన శక్తిని అది తన జీవితకాలంలో తిరిగి ఇవ్వలేదన్న వాదన ఒకప్పటి లెక్కల మీద ఆధారపడింది. భారతదేశం వంటి ఎండ మెండుగా ఉన్న చోట నేటి ఫలకం ఆ శక్తిని రెండేళ్ల లోపే రాబడుతుంది. ఆపైన ఏడాదికి అర శాతం చొప్పున నెమ్మదిస్తూ పాతికేళ్లకు పైగా పనిచేస్తుంది. ఇన్వర్టర్‌కు అంత ఆయుష్షు లేదు, నడుమ ఒక్కసారైనా మార్చవలసి వస్తుంది. ఆయుష్షు తీరిన ఫలకం విషపు చెత్త అన్న మాటలో అతిశయోక్తి ఉంది. దాని బరువులో అత్యధిక భాగం గాజు, తరువాతిది అల్యూమినియం. ఇళ్ల మీద వాడే సిలికాన్ రకంలో ఆందోళన కలిగించేది టంకంలోని కొద్దిపాటి సీసం. కాని ఆ చెత్తను పట్టించుకునే ఏర్పాటు ఇంకా ఎదగలేదన్నది అతిశయోక్తి కాదు. 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాలు సౌరఫలకాలను తమ పరిధిలోకి తెచ్చి, 2034-35 వరకు పోగయ్యే వ్యర్థ ఫలకాలను నిల్వ చేసే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. ఈ ఏడాది మేడ ఎక్కుతున్న ఫలకం దిగే కాలం దాదాపు 2050. ఈలోగా గాలివానకో రవాణాలోనో పగిలినవి మాత్రం పాత ఇనుప సామాన్ల బండికి చేరే అవకాశం ఉంది. అక్కడ చట్రానికి కిలోల లెక్కన వెల కడతారు, గాజును, దానికి అంటుకున్న సిలికాన్‌ను కొనేవారు ఉండరు.